దండ వేసే పటంలో ముఖం ఎన్ని మిల్లీమీటర్లు? రీలుకీ డిజిటల్‌కీ మధ్య నాణ్యత లెక్క

ఒడిశాలోని బరంపురం ఫోటో స్టూడియోలకు తరచూ వచ్చే పని ఒకటుంది. ఇంట్లో పెద్దాయన పోయి వారమవుతుంది. పెద్దకర్మ దగ్గర పడుతుంది. గోడకు పెట్టి దండ వెయ్యడానికి పటం కావాలి. ఆయన ఒక్కరే ఉన్న ఫోటో ఎంత వెతికినా దొరకదు. ఉన్నదల్లా ఎప్పటిదో ఒక పెళ్లి గ్రూపు ఫోటో. అందులో ఆయన వెనక వరసలో, కాస్త పక్కకు తిరిగి, ఎవరి భుజం చాటునో నిలబడి ఉంటారు. కొడుకు ఆ ఫోటో తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇందులోంచి మా నాన్నగారిని తీసి పెద్దది చెయ్యండి బాబూ, కళ్లు బాగా కనబడాలి" అంటాడు.

స్టూడియో అతను ముందు అడిగేది నెగిటివ్ ఉందా అని. సాధారణంగా ఉండదు. ఉంటే పని సగం తేలికవుతుంది. ఫోటో ఫోన్లో ఉందంటే రెండో ప్రశ్న: తీసిన ఫోన్లోనే ఉందా, శ్రీకాకుళం నుంచి వాట్సాప్‌లో వచ్చిందా? ఈ రెండు ప్రశ్నల్లోనే ఫిల్మ్ గొప్పదా డిజిటల్ గొప్పదా అన్న పాత వాదమంతా ఉంది. ఆ వాదం ఎక్కువగా "రీలు ఫోటోలో జీవం ఉండేది" లాంటి మాటలతో నడుస్తుంది. జీవాన్ని కొలవలేం. దండ వేసే పటంలో కళ్లు కనబడతాయా లేదా అన్నది మాత్రం కొలవచ్చు.

ఇరవై మంది రెండు వరసల్లో నిలబడ్డారనుకుందాం. వరసకు పది మంది. ఫ్రేము వెడల్పును ఆ పది మందీ పంచుకుంటారు. ఒక్కొక్కరి వాటాలో భుజాలకు పోయేది పోగా ముఖానికి మూడో వంతు మిగులుతుంది. అంటే ఫ్రేము వెడల్పులో ముప్పయ్యో భాగం. మామూలు 35 మిల్లీమీటర్ల రీలులో ఒక్కో ఫ్రేము వెడల్పు 36 మిల్లీమీటర్లు, ఎత్తు 24. కాబట్టి నెగిటివ్ మీద నాన్నగారి ముఖం 1.2 మిల్లీమీటర్లు. ఆవగింజంత.

ఆ ఆవగింజలో ఎంత వివరం పడుతుంది? ఫిల్మ్ తయారుచేసేవాళ్లు దీన్ని మిల్లీమీటరుకు ఎన్ని గీతల జతలు విడివిడిగా కనబడతాయన్న లెక్కలో చెబుతారు. నల్ల గీత, తెల్ల గీత కలిస్తే ఒక జత. సన్నని వివరానికి పేరుపొందిన ఫ్యూజీ వెల్వియా 50 స్లైడ్ ఫిల్మ్‌కు కంపెనీ ఇచ్చిన అంకెలు రెండు: గీతల మధ్య వెలుగు తేడా వెయ్యికి ఒకటిగా ఉంటే 160 జతలు, 1.6కి ఒకటిగా ఉంటే 80 జతలు. మనుషుల ముఖాలు రెండో రకం. ముక్కు పక్కన పడే నీడకూ బుగ్గకూ మధ్య వెయ్యి రెట్ల తేడా ఎక్కడుంటుంది? పైగా పెళ్లిళ్లలో వాడింది వెల్వియా కాదు, 100 లేదా 400 ఐఎస్ఓ (వెలుగుకు ఎంత చురుకో చెప్పే అంకె) కలర్ నెగిటివ్. దానికి మామూలు లెన్సు, చేతి వణుకు తోడు. మిల్లీమీటరుకు 50 జతలు దక్కాయంటే ఉదారంగా వేసిన లెక్కే. 1.2 మిల్లీమీటర్లలో 60 జతలు, అంటే ముఖం వెడల్పున 120 చుక్కలు.

ఇదే ముఖాన్ని 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ (సెన్సరు 35 మిల్లీమీటర్ల రీలు ఫ్రేమంతే ఉండే) డిజిటల్ కెమెరా 6000 పిక్సెళ్ల వెడల్పులో పట్టుకుంటుంది. ముప్పయ్యో వంతు 200. ఇక్కడ ఒక తరుగు తియ్యాలి. సెన్సరులో ప్రతి పిక్సెల్ మూడు రంగులూ చూడదు. కొడాక్ కంపెనీలో బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందిన అమరిక ప్రకారం సగం పిక్సెళ్లు ఆకుపచ్చనీ, పావు వంతు ఎరుపునీ, పావు వంతు నీలాన్నీ మాత్రమే చూస్తాయి. మిగతా రెండు రంగుల్నీ పక్క పిక్సెళ్లను బట్టి కెమెరా ఊహించి నింపుతుంది. అందుకని 200లో నికరంగా 150 దాకా దక్కుతాయి. అయినా 35 మిల్లీమీటర్ల రీలు కంటే మెరుగే.

తొలినాటి డిజిటల్ కెమెరాలకు ఈ మాట వర్తించదు. 1999లో వచ్చిన నికాన్ డీ1 వెడల్పు 2000 పిక్సెళ్లే. ముఖానికి 67. "డిజిటల్లో తీస్తే పెద్ద ఫోటో రాదండీ" అని ఆ రోజుల్లో ఫోటోగ్రాఫర్లు పెదవి విరిచారంటే అది చాదస్తం కాదు, కళ్లతో చూసి చెప్పిన మాట. 2002లో కెనాన్ 11 మెగాపిక్సెళ్ల 1డీఎస్ తెచ్చాక అంకె 135 దాకా వెళ్లింది. పాత అభిప్రాయం మాత్రం ఆ తరవాత కూడా చాలా ఏళ్లు నిలిచింది.

ఇక అసలు వింత. 35 మిల్లీమీటర్ల రీలు రాకముందు స్టూడియోల్లో గాజు ప్లేట్లు వాడేవారు. ఫుల్ ప్లేటంటే ఆరున్నర అంగుళాలకు ఎనిమిదిన్నర. అడ్డంగా 216 మిల్లీమీటర్లు. దాని మీద అదే గ్రూపు తీస్తే ఒక్కో ముఖం 7 మిల్లీమీటర్లకు పైగా వస్తుంది, కందిపప్పు గింజంత. ఆనాటి లెన్సూ పూతా అంత గొప్పవి కావనుకుని మిల్లీమీటరుకు 30 జతలే వేసినా 430 చుక్కలు. ఎనిమిదికి పది అంగుళాల పటంలో ముఖం మూడు అంగుళాల వెడల్పున రావాలంటే, అంగుళానికి 150 చుక్కల చొప్పున 450 కావాలి. అంటే బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1936కు ముందు, మూడు కాళ్ల కెమెరాతో నల్లగుడ్డ కప్పుకుని తీసిన గ్రూపు ఫోటోలోంచి ఈ రోజు దండ పటం చేస్తే మీసాల వెంట్రుకలు కూడా కనబడే వీలుంది. 1998 నాటి పెళ్లి రీలుతో ఆ వీలు లేదు.

మధ్యలో 120 అనే పేరున్న వెడల్పాటి రీలు ఉంది. యాషికా లాంటి రెండు లెన్సుల పెట్టె కెమెరాల్లో వేసేది. చదరపు ఫ్రేము, వైపుకు 56 మిల్లీమీటర్లు. ముఖం 1.9 మిల్లీమీటర్లు, సుమారు 190 చుక్కలు. అదే 120 రీలు అగ్ఫా క్లిక్‌లో వేస్తే ఒంటి లెన్సు పుణ్యమా అని అందులో సగం కూడా రావు. వాట్సాప్ సంగతి చివరికి. అది మామూలుగా ఫోటో పొడవు వైపును 1600 పిక్సెళ్ల దగ్గరకు కుదిస్తుంది. ముఖానికి 53. కళ్లు రెండు నల్ల మచ్చలు.

ఈ అంకెల్ని వరసలో పెడితే: గాజు ప్లేటు, 120 రీలు, 24 మెగాపిక్సెళ్ల డిజిటల్, 35 మిల్లీమీటర్ల రీలు, తొలి డిజిటల్, వాట్సాప్ బొమ్మ. ఫిల్మ్ ఒక జట్టు, డిజిటల్ ఒక జట్టు అని ఈ వరస విడిపోలేదు. రెండూ కలగలిసిపోయాయి. వివరం విషయంలో వెలుగు పడిన జాగా ఎంత పెద్దదన్నదే మొదటి ప్రశ్న, ఆ జాగాలో ఉన్నది ఫిల్మ్‌లోని వెండి ఉప్పా సెన్సరులోని సిలికానా అన్నది తరవాతి ప్రశ్న.

ఫోన్ల అంకెలు చూసి మోసపోయేది ఇక్కడే. 108 మెగాపిక్సెళ్లంటే పేరు గొప్పదే. ఆ సెన్సరు వెడల్పు సెంటీమీటరు కూడా ఉండదు. ఒక్కో పిక్సెల్ 0.8 మైక్రాన్లు. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 6 మైక్రాన్లు. వైశాల్యంలో తేడా యాభై రెట్లకు పైనే. పైగా ఎఫ్/1.8 లెన్సు ఎంత మంచిదైనా, వెలుగు స్వభావం వల్లే ఒక బిందువు రెండున్నర మైక్రాన్ల మచ్చగా పరుచుకుంటుంది. ఒకే మచ్చ కింద మూడు పిక్సెళ్లు వరసగా కూర్చుంటాయి. అందుకే చాలా ఫోన్లు తొమ్మిదేసి పిక్సెళ్లను కలిపేసి 12 మెగాపిక్సెళ్ల ఫోటో ఇస్తాయి.

జాగా చిన్నదైతే వివరంతో పాటు వెలుగూ తగ్గుతుంది. దీనికి బరంపురం ఠాకురాణి యాత్రను మించిన పరీక్ష లేదు. రెండేళ్లకోసారి, రాత్రిపూట, ఘటాలు వీధుల్లో తిరుగుతాయి. ఒంటినిండా పసుపు రంగు, నల్ల చారలు పూసుకున్న పులి వేషగాళ్లు డప్పులకు ఎగురుతుంటారు. ట్యూబులైట్ల తోరణం దాటితే చీకటి. వేషగాడు ఒక్క క్షణం నిలవడు.

వెలుగు నీళ్లలా ధారగా పడదు, వానచుక్కల్లా విడివిడిగా పడుతుంది. ఒక పిక్సెల్ మీద సగటున 10,000 కణాలు పడే చోట వంద అటూ ఇటూ తేడా సహజం. అంటే నూటికి ఒకటి. కంటికి ఆనదు. అదే 100 కణాలు పడే చోట తేడా పది, అంటే నూటికి పది. పులి ముఖం మీద ఇసక చల్లినట్టు కనబడేది అదే. కెమెరా దోషం కొంత ఉన్నా, అసలు కారణం తగినంత వెలుగు రాకపోవడం.

ఫిల్మ్‌కూ ఇదే బాధ, ఇంకా ఎక్కువగా. వెండి లవణపు పలుకు ఒకటి డెవలపరులో నల్లబడాలంటే వెలుగు వల్ల అందులో కనీసం మూడు నాలుగు వెండి పరమాణువుల గుంపు ఏర్పడాలి. ఒంటరిగా పడ్డ కణం వృథా. అందుకే పడిన వెలుగులో ఫిల్మ్ నిజంగా ఉపయోగించుకునేది నూటికి ఒకటి రెండు పాళ్లు. ఇప్పటి సెన్సర్లు సగం, అంతకన్నా ఎక్కువే పట్టుకుంటాయి. 400 ఐఎస్ఓ రీలుతో యాత్ర తీసినవాళ్లు ఫ్లాష్ కొట్టక తప్పేది కాదు. పులి ముందుకు తెల్లగా వచ్చేది, వెనక వీధి మొత్తం బొగ్గు. ఫ్లాష్ లేకుండా 6400 ఐఎస్ఓలో తీసే నేటి డిజిటల్ ఫోటోలో వీధి, జనం, మేడల మీద నిలబడ్డ ఆడవాళ్లు కూడా కనబడతారు. వెలుగు తక్కువ చోట ఫిల్మ్ పోటీలోనే లేదు. ఈ విషయంలో రెండో మాట అక్కర్లేదు.

అయితే ఫిల్మ్ గరుకు కంటికి అంత ఎబ్బెట్టుగా ఉండదన్న మాట నిజమే. వెండి పలుకులు చెల్లాచెదురుగా, ఒకదానికొకటి పోలిక లేని ఆకారాల్లో ఉంటాయి. సెన్సరు మచ్చలు గళ్లల్లో ఉంటాయి, రంగురంగులుగా ఉంటాయి. ఆకుపచ్చా ఊదా మచ్చలు ముఖం మీద ఎవరికీ నచ్చవు. వాటిని తుడిచే ప్రయత్నంలో ఫోను చర్మాన్ని మైనంలా నున్నగా చేస్తుంది. గరుకు పోయింది, ముఖం కూడా పోయింది.

వెలుగు ఎక్కువైనప్పుడు కథ తిరగబడుతుంది. గోపాలపూర్ తీరంలో మిట్టమధ్యాహ్నం. తెప్పలు ఒడ్డుకు వస్తుంటాయి. కెరటం విరిగిన చోట నురుగు కళ్లు మిరుమిట్లు గొలుపుతుంది. ఆ నురుగు ముందే నల్లని వల, తడి కర్ర, ఎండకు మాడిన నోలియా జాలరుల వీపులు. సెన్సరులో ఒక్కో పిక్సెల్ చిన్న గిన్నె లాంటిది. పడిన వెలుగుకు సరిగ్గా తగినంతే నిండుతుంది. నిండాక ఒక్క చుక్క పట్టదు. నురుగులో ఆ గిన్నెలన్నీ నిండితే అక్కడ మిగిలేది తెల్ల కాయితం. ఎంత దిద్దినా నురుగు బుడగలు తిరిగి రావు.

కలర్ నెగిటివ్ అలా నిండదు. వెలుగు పెరిగేకొద్దీ నల్లబడే వేగం మెల్లమెల్లగా తగ్గుతుంది. ఫిల్మ్ స్పందనను గీత గీస్తే పైన వంగిన వంపు వస్తుందని హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు 1890లోనే చూపించారు. ఆ వంపే నురుగును కాపాడుతుంది. రెండు మూడు స్టాపులు ఎక్కువ వెలుగు పడినా నెగిటివ్‌లోంచి మంచి ప్రింటు తియ్యవచ్చు. స్టాపంటే వెలుగు రెట్టింపు కావడం, కాబట్టి మూడు స్టాపులంటే ఎనిమిది రెట్లు. ఫిల్మ్ బలహీనత కింది కొసన ఉంది. నీడల్లో వెలుగు చాలకపోతే అక్కడ నెగిటివ్ ఖాళీ గాజులా మిగిలిపోతుంది.

మొత్తం పట్టే మేర చూస్తే ఇప్పటి మంచి డిజిటల్ కెమెరా తక్కువ ఐఎస్ఓలో 14 స్టాపుల దాకా పడుతుంది. అంటే అతి చీకటికీ అతి వెలుగుకీ మధ్య పదహారు వేల రెట్ల తేడా. కలర్ నెగిటివ్‌దీ ఇంచుమించు ఆ దరిదాపులే. స్లైడ్ ఫిల్మ్ ఐదారు స్టాపులకే చేతులెత్తేస్తుంది. కనుక తేడా మేరలో కన్నా ఏ కొస తెగుతుందన్న దాంట్లో ఉంది. పాత ఫోటోగ్రాఫర్ల సూత్రం, నీడలకు సరిపడా వెలుగు ఇవ్వు, మిగతాది నెగిటివ్ చూసుకుంటుంది. డిజిటల్‌కు దీన్ని తలకిందులు చెయ్యాలి. నురుగు మాడకుండా వెలుగు తగ్గించి తీసి, నీడల్ని తరవాత పైకి లాగాలి. రీలు నుంచి డిజిటల్‌కు మారిన తొలి ఏళ్లలో చాలామంది చేతులకు పాత అలవాటు పోలేదు. అర స్టాపు ఎక్కువే ఇచ్చేవారు. పెళ్లికొడుకు తెల్ల పంచె, పెళ్లికూతురి నుదుట మెరుపు కాలిపోయిన ఆల్బమ్‌లు అప్పటివి. డిజిటల్ ఫోటోలు పాలిపోయి ఉంటాయన్న పేరు రావడానికి ఆ చేతి అలవాటు కూడా ఒక కారణం.

రంగుల దగ్గర బరంపురం పట్టు చీరను ఎదురుగా పెట్టుకోవడం మేలు. ఎర్రని ఒళ్లు, అంచున గుడి గోపురాల్లా బారులు తీరే ఫోడా కుంభం. కుంభం కొసలు ఒళ్లులోకి చొచ్చుకుపోయే చోట నేతగాడి పనితనం కనబడుతుంది. ఫోటోలో కనబడాల్సిందీ అదే.

డిజిటల్ కెమెరాకు ఈ ఎరుపుతో రెండు చిక్కులు. కెమెరాలో వెలుగును కొలిచే మీటరు అంచనా వేసేటప్పుడు ఆకుపచ్చకు ఎక్కువ బరువిస్తుంది, ఎరుపుకు తక్కువ. చీరలో ఆకుపచ్చ లేదు. మీటరు చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచుతుంది. హాలోజన్ దీపం కింద అయితే కాంతిలోనే ఎరుపు ఎక్కువ. ఎరుపు పిక్సెళ్లు నిండిపోతాయి, మిగతావి సగం కూడా నిండవు. తెరమీద చూస్తే మొత్తం ఫోటో చక్కగానే ఉంటుంది, చీర మాత్రం ఎర్ర రంగు పూసిన అట్టలా ఉంటుంది. మడతలు లేవు, పోగులు లేవు. ఒక స్టాపు తగ్గించి, జేపెగ్‌కు బదులు రా ఫైలులో, అంటే సెన్సరు పట్టినదాన్ని కుదించకుండా దాచే ఫైలులో తీస్తే చాలావరకు సర్దుకుంటుంది. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. 14 బిట్ల రా ఫైలులో పదహారు వేలకు పైగా.

రెండో చిక్కు నేతది. నిలువెత్తు మనిషిని 6000 పిక్సెళ్ల ఎత్తున తీస్తే, 1.8 మీటర్లకు 6000, ఒక్కో పిక్సెల్ చీర మీద 0.3 మిల్లీమీటర్లు కప్పుతుంది. చీరలో అంగుళానికి వంద పోగులుంటే పోగుకూ పోగుకూ మధ్య 0.25 మిల్లీమీటర్లు. రెండు గళ్లూ దాదాపు ఒకే కొలత, కాస్త తేడా. రెండు దోమతెరలు ఒకదాని మీద ఒకటి పడితే నీటి అలల్లాంటి చారలు కనబడతాయి కదా, చీర మీద సరిగ్గా అవే వస్తాయి, అదనంగా ఇంద్రధనుస్సు రంగుల్లో. అవి చీరలో లేవు, సెన్సరులోనూ లేవు, రెంటి కలయికలో పుట్టాయి. వీటిని తప్పించడానికే సెన్సరు ముందు బొమ్మను రవ్వంత అలికే వడపోత పెట్టేవారు. 2012లో నికాన్ డీ800ఈ లాంటి కెమెరాలు పదును కోసం దాని ప్రభావాన్ని వదులుకున్నాయి, తరవాత చాలా కంపెనీలు అదే దారి పట్టాయి. ఫలితం పట్టుచీరలు కట్టే ఊళ్లకు బాగా తెలుసు. ఫోటోగ్రాఫరు ఒక అడుగు ముందుకో వెనక్కో జరిగితే చారలు మాయమవుతాయి. ఫిల్మ్‌లో పలుకులకు గళ్లు లేవు కాబట్టి అసలు ఈ పేచీయే రాదు. పట్టు నేతను పట్టడంలో మంచి 120 రీలుకు ఇప్పటికీ ఈ ఒక్క ఆధిక్యం ఉంది.

దీపాల విషయంలో ఫిల్మ్‌కు పట్టు విడుపు లేదు. పగటి వెలుగుకు తయారైన రీలు ట్యూబులైట్ కింద ఆకుపచ్చగా, బల్బు కింద నారింజగా పడుతుంది. పాత పెళ్లి ఆల్బమ్‌లలో పందిరి కింద అందరూ కామెర్లు వచ్చినట్టు ఉండటానికి కారణం అదే. డిజిటల్‌లో తెలుపు ఏదో చెబితే మిగతాది కెమెరా సర్దుకుంటుంది. పాత సోడియం వీధి దీపాల దగ్గర మాత్రం అదీ సాగదు. ఆ వెలుగులో పసుపు తప్ప మిగతా రంగులు లేనట్టే. లేని రంగును ఎవరూ తిరిగి తేలేరు.

ఇంతవరకూ కెమెరా దగ్గరే ఉన్నాం. ఫోటో నాణ్యత ఎక్కువగా చెడేది కెమెరా దాటాకే, ఈ మాట వాదాల్లో దాదాపు వినబడదు. నలుపు తెలుపు రీలు కడగడానికి డెవలపరు 20 డిగ్రీల దగ్గర ఉండాలి. ఈ తీరంలో ఏప్రిల్ మే నెలల్లో కుళాయి నీళ్లే అంతకన్నా చాలా వేడి. ఐసు ముక్కలు గిన్నె చుట్టూ పెట్టి చల్లార్చక తప్పదు. చల్లారకపోతే జెలటిన్ పూత మెత్తబడి, పలుకులు గుంపులు కట్టి, నెగిటివ్ గరుకెక్కుతుంది. ఊటీలో ప్రభుత్వరంగ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ చేసిన 'ఇందు' రీలునైనా, విదేశీ రీలునైనా వేడి ఒకేలా పాడుచేస్తుంది. బొమ్మను నిలబెట్టే హైపో మందులో సరిగ్గా నానకపోయినా, తరవాత నీళ్లలో సరిగ్గా కడగకపోయినా పదేళ్లకు ప్రింటు పసుపెక్కుతుంది. వేసవిలో నీళ్లకు కటకట ఉన్న ఊరిలో ప్రింటుల కడుగుడు ఎంత పొదుపుగా సాగుతుందో చెప్పక్కర్లేదు.

కలర్ రీలుది ఇంకా సున్నితమైన వ్యవహారం. 1972 నుంచి అందరూ వాడే సీ-41 పద్ధతిలో డెవలపరు 38 డిగ్రీల దగ్గర, మూడుంబావు నిమిషాలు. యంత్రం వేడిని చూసుకుంటుంది. మందు తాజాగా ఉండాలంటే మాత్రం రోజూ చాలినన్ని రీళ్లు పడాలి. రీళ్లు తగ్గితే మందు గాలికి పాడైపోతుంది, రంగులు వంకరపోతాయి. ఈ రోజు సరదాగా రీలు కొని తీసే కుర్రాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. వారానికి రెండు రీళ్లు వచ్చే ల్యాబులో కడిగించి "ఫిల్మ్ రంగులంటే ఇవేనా" అనుకోవడం ఫిల్మ్‌కు అన్యాయం. రీళ్లు ఎక్కువ పడే నగరపు ల్యాబుకు కొరియర్లో పంపడమే దారి.

ఇంకో సంగతి చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. 1990ల చివర్లో వచ్చిన డిజిటల్ మినీల్యాబులు నెగిటివ్‌ను స్కాన్ చేసి, లేజరుతో కాయితం మీద ప్రింటు వేసేవి. నాలుగుకు ఆరు అంగుళాల ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల చొప్పున 1200, 1800 పిక్సెళ్లు చాలు. అంటే రెండు మెగాపిక్సెళ్లు. 2003లో ఇచ్ఛాపురంలో జరిగిన పెళ్లి రీళ్లు అలాంటి యంత్రం మీద కడిగితే, ఆ ఆల్బమ్‌లో ఉన్నవి రెండు మెగాపిక్సెళ్ల డిజిటల్ ఫోటోలే. వాటిని చూపించి "రీలు ఫోటోల అందమే వేరు" అనడం చాలా ఇళ్లలో వినబడే మాట. అందం ఉంది, దాని మూలం వేరే చోట. అప్పట్లో రీలుకు 36 ఫోటోలే, పొదుపరి చేతిలో 38. ప్రతి నొక్కుకూ డబ్బు. అందుకని మనుషుల్ని నిలబెట్టి, దీపం సర్ది, ఊపిరి బిగబట్టించి తీసేవారు. చెడిన ఫ్రేములు ఆల్బమ్ దాకా వచ్చేవి కావు. ఇప్పుడు ఒక పెళ్లికి వేలల్లో ఫోటోలు. వాటిలోంచి ఏరేవాడికి ఓపిక లేకపోతే తప్పు సెన్సరుది కాదు.

పన్నెండుకు ముప్పై ఆరు అంగుళాల కరిజ్మా ఆల్బమ్‌లు వచ్చాక రెండు మెగాపిక్సెళ్లు చాలకుండా పోయాయి. పన్నెండుకు పద్దెనిమిది పేజీకి అంగుళానికి 300 చుక్కలంటే 19 మెగాపిక్సెళ్లకు పైనే కావాలి. రీలు అక్కడ నిజంగా ఓడింది. అదే పేజీలో వాట్సాప్ ఫోటో పెడితే అంగుళానికి 89 చుక్కలే. ఆల్బమ్ డిజైనరు దాని చుట్టూ పూల చట్రం గీసి చిన్నది చేసి సర్దుతాడు.

నిలవ విషయానికి వస్తే ఈ ప్రాంతపు గాలి ఎవరికీ స్నేహితుడు కాదు. జెలటిన్ పశువుల ఎముకలు, తోళ్ల నుంచి తీసేది, బూజుకు మంచి తిండి. గాలిలో తేమ 60 శాతం దాటితే బూజు మొదలవుతుంది, సముద్రం ఒడ్డున వానాకాలమంతా అంతకన్నా ఎక్కువే. నెగిటివ్ మీద సాలెగూడులా పాకిన బూజు పూతను తినేస్తే ఆ చోట ముఖం లేనట్టే. ప్లాస్టిక్ కవర్లో బిగించి ట్రంకు పెట్టెలో చీరల కింద దాచడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి, తేమ లోపలే ఉండిపోతుంది. కాయితం కవర్లలో, సిలికా జెల్‌తో పాటు, గాలి చొరని డబ్బాలో పెట్టాలి. జెల్ రంగు మారినప్పుడల్లా వేడిచేసి ఆరబెట్టుకోవాలి.

1970ల కలర్ ప్రింట్లు ఎర్రబారడానికి బూజుతో సంబంధం లేదు. ఆనాటి కాయితాల్లో నీలిపచ్చ రంగు చీకట్లో ఉన్నా వెలిసిపోయేది. అది పోతే మిగిలేది ఎరుపు. ఆల్బమ్ ఎంత జాగ్రత్తగా మూసిపెట్టినా ఆగదు. వెండితో ఏర్పడిన నలుపు తెలుపు బొమ్మ అందుకే తాతల నాటిదైనా నిలిచింది.

తుపాన్లు ఇంకో లెక్క. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను ముంచింది. నీళ్లలో తడిసిన నెగిటివ్‌లు ఒకదానికొకటి అంటుకుని ఉంటే ఎండలో ఆరబెట్టకూడదు. ఆరితే పూత ఊడి వస్తుంది. శుభ్రమైన చల్లని నీళ్లలోనే ఉంచి, మెల్లగా విడదీసి, కడిగి, ఒక్కొక్కటిగా వేలాడదీయాలి. తడిసిన ఫిల్మ్‌ను అలా సగమైనా దక్కించుకోవచ్చు. తడిసిన హార్డ్ డిస్కు దగ్గర మామూలు మనిషి చెయ్యగలిగింది ఏమీ లేదు. తడవకపోయినా ఒక ఉదయం టక్‌టక్‌మని చప్పుడు చేసి ఆగిపోతుంది. 2000ల్లో పెళ్లి ఫోటోలు సీడీల్లో ఇచ్చారు. ఇప్పుడు ఆ సీడీలు చాలా ఇళ్లలో ఉన్నాయి, వాటిని చదివే యంత్రాలు లేవు. డిజిటల్ ఫైలు నకలు తియ్యడంలో నాణ్యత ఇసుమంతైనా తగ్గదు, రెండు మూడు చోట్ల దాచుకోవచ్చు. ఆ పని గుర్తుపెట్టుకుని చేసే మనిషి ఇంట్లో ఉంటేనే.

అందుకే పాత నెగిటివ్ దొరికినప్పుడు చెయ్యదగ్గ పని దాన్ని డిజిటల్ కెమెరాతోనే తియ్యడం. వెనక తెల్లని వెలుగు పలక, ముందు మాక్రో లెన్సు, కదలని స్టాండు. 24 మెగాపిక్సెళ్లు ఒక 35 మిల్లీమీటర్ల ఫ్రేముకు సరిగ్గా సరిపోతాయి. ఫిల్మ్‌లో ఉన్నదంతా వచ్చేస్తుంది, ఆపైన తీస్తే వచ్చేది పలుకులే. కలర్ నెగిటివ్‌కు నారింజ రంగు ముసుగు ఉంటుంది. రంగు పదార్థాల లోపాల్ని సరిదిద్దడానికి తయారీలోనే పెట్టింది. దాన్ని తీసెయ్యడం తెలిసిన మనిషి చెయ్యాల్సిన పని.

ఇప్పుడు చాలాచోట్ల ఇంకో దారి పట్టారు. 53 చుక్కల వాట్సాప్ ముఖాన్ని కృత్రిమ మేధ యాప్‌లో వేస్తే క్షణంలో కనురెప్పల వెంట్రుకలతో సహా తేటగా వస్తుంది. ఆ వెంట్రుకలు ఎవరివి? యాప్ చూసిన లక్షల ముఖాల సగటువి. కొడుకు చూసి "అవును, నాన్నగారే" అంటాడు. ఆయన చెల్లెలు వచ్చి చూసి, కాసేపు ఊరుకుని, "అన్నయ్య పెదవి ఇలా ఉండేది కాదురా" అంటుంది. మసకగా ఉన్నా ఆయన ముఖమే ఉన్న పటాన్ని చిన్న సైజులో చేసివ్వడం నయం. ఎనిమిదికి పది అంగుళాల చట్రంలో, చుట్టూ వెడల్పాటి తెల్ల అంచు పెట్టి, మధ్యలో నాలుగుకు ఐదు ఫోటో.

నెగిటివ్ ఉందంటే ఈ తంటా లేదు. చూసుకోవాల్సింది ఒక్కటే, ఏ వైపు పైకి పెట్టారన్నది. మెరిసే వైపు, మెరుపు లేని వైపు రెండుంటాయి. పూత ఉన్నది మెరుపు లేని వైపు. మెరిసే వైపు నుంచి చూస్తే అంచున ఉన్న అంకెలూ కంపెనీ పేరూ తిన్నగా చదవడానికి వస్తాయి. అవి తిరగబడి కనబడుతుంటే బొమ్మ కూడా అద్దంలో చూసినట్టు తిరగబడినట్టే. అంచు తెగిపోయి అంకెలు లేకపోతే ఫోటోలో ఆడవాళ్లను చూడాలి. పైట అందరికీ కుడి భుజం మీద ఉందంటే నెగిటివ్ తిప్పి పెట్టాలి.